రొయ్యకు రాచబాట, మనిషికి గడియ

2025 జూలై 24న బ్రిటన్‌లో మన వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్, వాళ్ల మంత్రి జోనథన్ రేనాల్డ్స్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇద్దరు ప్రధానులు మోదీ, స్టార్మర్ అక్కడే ఉన్నారు. సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందం అని దానికి పేరు. 2022 జనవరిలో మొదలైన బేరం మూడున్నరేళ్లకు తెగింది. ఆకివీడు, ఉండి, కైకలూరు చెరువు గట్ల మీదికి ఆ కబురు రొయ్య కబురుగానే చేరింది. బ్రిటన్ గడప దగ్గర మన రొయ్యకు ఇక సుంకం సున్నా అట. ఇంకేం కావాలి?

అంతకు సరిగ్గా రెండు రోజుల ముందు, జూలై 22న, అదే బ్రిటన్ ఇంకో పని చేసింది. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే వీసా దారిని మూసేసింది. నైపుణ్య ఉద్యోగుల వీసాకు కావాల్సిన సాధారణ కనీస జీతాన్ని ఏడాదికి 38,700 పౌండ్ల నుంచి 41,700 పౌండ్లకు పెంచింది. డిగ్రీ స్థాయికి తక్కువైన ఉద్యోగాలను చాలావరకు ఆ వీసా పరిధి నుంచి తప్పించింది. ఈ రెండు వార్తలనూ పక్కపక్కన అచ్చేసి, వీటి సంగతేమిటని అడిగిన పెద్ద పత్రిక ఒక్కటీ నాకు కనపడలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆకివీడు వాడికి ఈ పత్రికలో ఏం పని అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ప్రత్యేక రాష్ట్రం అడిగిన వాళ్లను వేర్పాటువాదులని మా జిల్లాల నాయకులు తిట్టిన రోజుల్లోనూ, అడగడంలో న్యాయం ఉందన్న వాళ్లు కొల్లేటి గట్టున లేకపోలేదు. 2014 జూన్ 2తో ఆ లెక్క ఒకటి తేలింది. రాయలసీమలో, ఉత్తరాంధ్రలో ఆ ప్రశ్న ఇంకా బతికే ఉంది. నేను ఇప్పుడు ఎత్తుతున్నది మాత్రం గీత ఎక్కడ గీసినా మిగిలిపోయే ప్రశ్న. నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించాం కదా. ఆ మూడోదాని తాళంచెవి కొంత హైదరాబాదులోనూ లేదు, అమరావతిలోనూ లేదు. ఢిల్లీ నుంచి విమానమెక్కి వెళ్లి సంతకం పెట్టే వాళ్ల జేబులో ఉంది.

మా వైపు ఇళ్లు ఒకసారి చూడండి. తండ్రి అయిదెకరాలు లీజుకు పట్టి వనామీ వేస్తాడు. సీడు, మేత, ఏరియేటర్లకు కరెంటు, మందులు అన్నీ అప్పు మీదే. పట్టుబడి రోజున కౌంటు ఎంత, రేటు ఎంత అన్నదాని మీద ఇంటి బతుకు ఆధారపడి ఉంటుంది. కొడుకు భీమవరంలోనో తాడేపల్లిగూడెంలోనో ఇంజనీరింగు చదువుతాడు. కూతురు ఏలూరులోనో విజయవాడలోనో బీఎస్సీ నర్సింగు చేస్తుంది. ఆ ఫీజు కట్టింది చెరువే. రేపు వాళ్లను లండన్ పంపే అప్పుకు పూచీ కూడా ఆ చెరువే. ఇప్పుడు ఆ ఇంటి గుమ్మంలోకి ఈ ఒప్పందం వచ్చింది. తండ్రి పెంచిన రొయ్య సున్నా సుంకంతో వెళ్తుంది. ఆ రొయ్య డబ్బుతో చదివిన పిల్ల మాత్రం వరసలో నిలబడాలి.

రొయ్యకు వచ్చిన లాభాన్ని నేను తక్కువ చేయడం లేదు. బ్రిటన్‌లో ఇదివరకు రొయ్యల వంటి సరుకు మీద 4.2 నుంచి 8.5 శాతం వరకు సుంకం ఉండేది. అది పోవడం మంచిదే. అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద మొత్తం 50 శాతం సుంకం వేసినప్పుడు ఒకే దేశాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో గోదావరి జిల్లాల రైతుకు తెలిసొచ్చింది. ఇంకో సంత దొరికితే ఎవరు వద్దంటారు? కానీ సుంకం తగ్గిన మేరకు చెరువు గట్టు మీద రేటు పెరుగుతుందని ఒప్పందంలో ఎక్కడా రాసి లేదు. ఆ తేడా ప్రాసెసింగ్ ప్లాంటు దగ్గర ఆగుతుందా, లండన్ సూపర్ మార్కెట్ మింగుతుందా, రైతు దాకా వస్తుందా అన్నది వేరే పోరాటం. దాని గురించి మరోసారి.

ఇక మనుషుల సంగతి. ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టిన 1995 నుంచి గాట్స్ అనే ఒప్పందం సేవల వ్యాపారాన్ని నాలుగు దారులుగా విడదీసింది. సేవ ఒక్కటే సరిహద్దు దాటడం, సేవ పొందేవాడు దాటడం, కంపెనీ వెళ్లి దుకాణం తెరవడం, మనిషి స్వయంగా వెళ్లి పనిచేయడం. మొదటి మూడింటికీ ధనిక దేశాలు తలుపులు బార్లా తెరవమంటాయి. నాలుగోది వచ్చేసరికి అది వాణిజ్యం కాదు, వలస అంటాయి. మన ప్రతినిధులు ముప్పయ్యేళ్లుగా ఈ నాలుగో దారి కోసమే కొట్లాడుతున్నామని చెప్తారు. బ్రిటన్ దగ్గర వాళ్లు సాధించిందేమిటో చూద్దాం.

కంపెనీ తన ఉద్యోగిని అక్కడి శాఖకు బదిలీ చేయవచ్చు. కాంట్రాక్టు మీద సేవ అందించే వాళ్లు, కొన్ని రంగాల్లో స్వతంత్ర వృత్తి నిపుణులు కొంతకాలం వెళ్లిరావచ్చు. వంటవాళ్లు, యోగా గురువులు, శాస్త్రీయ సంగీతకారులు కలిపి ఏడాదికి 1,800 మంది దాకా వెళ్లవచ్చు. నూట నలభై కోట్ల దేశానికి 1,800! మా గోదావరి జిల్లాల వంటవాళ్లే అందుకు సరిపోతారు, సంగీతం వాళ్ల దాకా వెళ్లక్కర్లేదు. సంతకాలైన వెంటనే బ్రిటన్ ప్రభుత్వం తన ప్రజలకు చెప్పిన మాట కూడా వినాలి. ఈ ఒప్పందం వల్ల తమ వలస విధానంలో మార్పేమీ ఉండదని వాళ్లు స్పష్టంగా చెప్పుకున్నారు. ఇక్కడ మనకు మన నిపుణులకు ద్వారాలు తెరిచామని చెప్పారు. ఒకే కాగితం, రెండు ఊళ్లలో రెండు చదువులు.

నిజంగా లాభమున్న అంశం ఒకటుంది, ఒప్పుకోవాలి. అది సామాజిక భద్రతా చందాల ఒప్పందం. ఇక్కడి కంపెనీ అక్కడికి పంపిన ఉద్యోగి, ఆ కంపెనీ కలిసి బ్రిటన్ నేషనల్ ఇన్సూరెన్సు కట్టేవారు. 2025 ఏప్రిల్ నుంచి యాజమాన్యం వాటాయే 15 శాతం. అక్కడ కనీసం పదేళ్ల చందా ఉంటే తప్ప పింఛను రాదు. రెండు మూడేళ్లు పనిచేసి తిరిగొచ్చేవాడికి ఆ సొమ్ము గోదాట్లో పోసినట్టే. అప్పటిదాకా మొదటి ఏడాదికే మినహాయింపు ఉండేది. ఒప్పందం అమలైన నాటి నుంచి కొన్నేళ్ల దాకా ఇక్కడే పీఎఫ్ కట్టుకుంటే చాలు. దీని వల్ల 75 వేల మంది ఉద్యోగులకు, 900 పైగా కంపెనీలకు మేలని మన ప్రభుత్వం లెక్క చెప్పింది. సరే. కానీ మిగిలే సొమ్ములో పెద్ద ముక్క యాజమాన్యానిదే. మాధాపూర్ నుంచి ఆన్‌సైట్ వెళ్లే కుర్రవాడి జీతంలోకి దాంట్లో ఎంత చేరుతుందో ఒప్పందం చెప్పదు. సంఘమే లేని ఐటీ ఉద్యోగి అడగనూ లేడు.

గమనించండి, ఈ దారిలో వెళ్లగలిగేది ముందే ఒక పెద్ద కంపెనీ లోపల ఉన్నవాడు. ఆకివీడు నర్సు ఏ బహుళజాతి కంపెనీ ఉద్యోగి? ఆమెకు కావాల్సింది బదిలీ కాదు, తన డిగ్రీకి గుర్తింపు. అసలు మోసం ఇక్కడుంది. 2022 జూలై 21న భారత, బ్రిటన్ ప్రభుత్వాలు ఒకరి చదువుల్ని ఒకరు గుర్తించుకునే అవగాహనా పత్రం రాసుకున్నాయి. డిగ్రీలన్నీ చెల్లుతాయని అప్పట్లో ఘనంగా ప్రచారం జరిగింది. లోపల చిన్న వాక్యం ఉంది. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, పారామెడికల్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, ఆర్కిటెక్చరు దాని పరిధిలోకి రావు. అంటే చదివితే ఉద్యోగం వచ్చే చదువులన్నీ బయట! బీఏ, బీకామ్ చదివి అక్కడ ఎంఏ చేయడానికి ఫీజు కట్టేవాడికి మాత్రం ఎర్ర తివాచీ. వాళ్ల విశ్వవిద్యాలయాలకు అది అమ్మకం, మన పిల్లలకు అది అప్పు.

2025 ఒప్పందం ఈ లోటు పూడ్చిందా? పూడ్చలేదు. వృత్తి సంస్థలు తమలో తాము మాట్లాడుకుని గుర్తింపు ఒప్పందాలు కుదుర్చుకోవాలని ప్రోత్సహించింది. ప్రోత్సాహానికి గడువు లేదు, జరిమానా లేదు. నర్సు ఇప్పటికీ ఐఈఎల్‌టీఎస్‌గానీ ఓఈటీగానీ రాయాలి, కంప్యూటర్ పరీక్ష రాయాలి, అక్కడికి వెళ్లాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కాలి. డాక్టరయితే ప్లాబ్. రోగి ప్రాణంతో పని కాబట్టి పరీక్ష ఉండకూడదని నేననను. రొయ్యకూ పరీక్ష ఉంది, యాంటీబయాటిక్ అవశేషాలు కనపడితే కంటైనరు తిప్పి పంపిస్తారు. కానీ రొయ్య ప్రమాణాల మీద మాట్లాడుకోవడానికి రెండు ప్రభుత్వాలూ కూర్చున్నాయి. నర్సు ప్రమాణాల మీద మీలో మీరు చూసుకోండి అన్నాయి.

నర్సు దారి ఇంత ఇరుకు కాబట్టే మన పిల్లలు పక్కదారి పట్టారు. బీఎస్సీ నర్సింగు, బీఫార్మసీ, కొందరైతే బీటెక్ కూడా చదివి కేర్ వర్కర్లుగా వెళ్లారు. చదువు వీసా మీద వెళ్లి, కోర్సు ముగిశాక వృద్ధుల ఇళ్లలో పనికి కుదిరారు. సీఓఎస్ అనే మూడక్షరాల మాట, అంటే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు, ఇంగ్లీషు రాని తల్లుల నోట కూడా పలికింది. అది చట్ట ప్రకారం అమ్మే వస్తువు కాదు. అయినా లక్షలు పోసి కొన్నారు. కొన్నాక ఆ స్పాన్సరు లైసెన్సే రద్దయితే? బ్రిటన్ ప్రభుత్వం చెప్పిన లెక్కే ఇది: 2022 జూలై నుంచి 2024 డిసెంబరు దాకా కేర్ రంగంలో 470కి పైగా సంస్థల లైసెన్సులు రద్దయ్యాయి, వాటితో ముడిపడి ఉన్న 39 వేల మందికి పైగా కార్మికుల బతుకులు తలకిందులయ్యాయి. వాళ్లలో తెలుగు వాళ్లెందరో ఏ ప్రభుత్వమూ లెక్క కట్టలేదు. 2024 మార్చి 11 నుంచి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లు భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికీ వీల్లేకుండా చేశారు. చివరికి 2025 జూలై 22న అసలు తలుపే మూశారు. ఆ మర్నాటి మర్నాడే స్వేచ్ఛా వాణిజ్యం!

ఇక ఇక్కడ ఒక సంగతి విద్యార్థులు, ఉద్యోగులు ముఖ్యంగా పట్టించుకోవాలి. ఈ ఒప్పందంలో న్యాయవాద వృత్తిని మనవాళ్లు తెరవలేదు. బ్రిటన్ లా సొసైటీ దానికి నిరాశ వెలిబుచ్చింది. ఎందుకు తెరవలేదు? విదేశీ లాయర్ల మీద మన లాయర్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 2018 మార్చి 13న ఏకే బాలాజీ కేసులో సుప్రీంకోర్టు విదేశీ లాయర్లు అప్పుడప్పుడూ వచ్చి సలహా ఇచ్చిపోవచ్చు గానీ ఇక్కడ ప్రాక్టీసు పెట్టకూడదని చెప్పింది. 2023లో బార్ కౌన్సిల్ తన షరతులతో తానే కొంత తలుపు తీసింది. ఎంత తీయాలో తానే నిర్ణయించుకుంది. బార్ అసోసియేషన్ల నిర్ణయాలన్నీ నాకు నచ్చుతాయని కాదు, వాళ్ల భయాల్లో స్వార్థమూ ఉంది. అయినా వాళ్ల మాట బేరసారాల బల్ల మీదికి వెళ్లింది. నర్సుల మాట వెళ్లలేదు, ఆక్వా ల్యాబుల్లో పనిచేసే టెక్నీషియన్ల మాట వెళ్లలేదు, డిప్లొమా ఇంజనీర్ల మాట వెళ్లలేదు. సంఘటితంగా ఉన్న వృత్తికి దక్కింది, లేని వృత్తికి దక్కలేదు. 1969ని, 2009 డిసెంబరును నడిపిన విద్యార్థి సంఘాలకూ ఎన్జీవోలకూ ఈ పాఠం నేను చెప్పాలా?

అవతలి ఒడ్డు మాట కూడా చెప్పకపోతే అన్యాయం. చందాల మినహాయింపు సంగతి 2025 మేలో బయటికి రాగానే బ్రిటన్ ప్రతిపక్ష నాయకురాలు కెమీ బేడనాక్ మండిపడ్డారు. భారతీయులకు ఒక పన్ను, మావాళ్లకు ఒక పన్నా అన్నది ఆమె అభ్యంతరం. సింగపూరులో ఇదే గొడవ ఇంకా ముందు నుంచీ ఉంది. 2005 జూన్ 29న సంతకమైన భారత, సింగపూరు ఒప్పందాన్ని అక్కడ సీకా అంటారు. దాని వల్లే భారతీయులు వచ్చి తమ ఉద్యోగాలు పట్టుకుపోతున్నారని అక్కడి మధ్యతరగతి నిపుణులు ఏళ్లుగా కోపంగా ఉన్నారు. 2021 జూలైలో ఆ పార్లమెంటులో మంత్రులు లెక్క చెప్పాల్సి వచ్చింది. కంపెనీ బదిలీల దారిలో 2020లో భారత్ నుంచి ఉన్నవాళ్లు 500 పైచిలుకు మాత్రమేనట. మిగతా వాళ్లంతా అన్ని దేశాలకూ వర్తించే మామూలు పాసుల మీద వెళ్లిన వాళ్లే.

సింగపూరు గుమస్తా కోపం మనకు కొత్తదా? స్థానికుడికే ఉద్యోగం అన్న ముల్కీ నిబంధన మనకు నిజాం కాలం నుంచీ ఉంది. దాన్ని దొంగ సర్టిఫికెట్లతో నీరుగార్చినందుకే 1969 మండింది. 1972 అక్టోబరులో ముల్కీ చెల్లుతుందని సుప్రీంకోర్టు అనగానే మా వైపు జై ఆంధ్ర అని లేచారు. 1973లో ఆరు సూత్రాలు, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో. ఇదంతా మన చరిత్రే. కాబట్టి లండన్‌లోనో సింగపూరులోనో స్థానికుడు అరిస్తే జాత్యహంకారి అని ఒక్క మాటతో కొట్టిపారేయలేం. అందులో ఆ విషం ఉన్నచోట ఖండిద్దాం. కానీ అతని భయం మన భయంలాంటిదే. గుంటూరు నుంచి వచ్చిన గుమస్తాను ఆనాడు తిట్టారు. దొంగ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టిన పెద్ద ఆఫీసరు మాత్రం హాయిగా పదవీ విరమణ చేశాడు. ఈనాడు కూడా తిట్లు తినేది ఆన్‌సైట్ కుర్రవాడు, కేర్ హోములో పక్కలు మార్చే మన పిల్ల. జీతం తగ్గించుకోవడానికి వాళ్లను వాడుకునే యజమాని తిట్లకు అందడు.

ఇక ఉద్యమ పత్రికలో రాయడానికి అసలు కారణం. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. రాష్ట్ర జాబితాలో 21వ అంశం మత్స్య పరిశ్రమ. 6వ అంశం ప్రజారోగ్యం, ఆసుపత్రులు. రొయ్యా రాష్ట్రానిదే, నర్సు పనిచేసే ఆసుపత్రీ రాష్ట్రానిదే. కానీ 253వ అధికరణం ప్రకారం విదేశీ ఒప్పందం అమలు కోసం పార్లమెంటు ఏ అంశం మీదనైనా, రాష్ట్ర జాబితాలో ఉన్నా సరే, చట్టం చేయవచ్చు. ఒప్పందం కుదుర్చుకోవడానికయితే కేంద్రానికి పార్లమెంటు ఆమోదం కూడా అక్కర్లేదు. అమెరికాతో సంధి కుదరాలంటే వాళ్ల సెనేట్ ఒప్పుకోవాలి. ఐరోపా సమాఖ్య ఒప్పందానికి వాళ్ల పార్లమెంటు ఓటు కావాలి. బ్రిటన్‌లో కూడా ఒప్పందాన్ని ధ్రువీకరించే ముందు పార్లమెంటు ముందు పెట్టాలన్న చట్టం 2010 నుంచి ఉంది. మన దగ్గర మంత్రివర్గం చాలు. ఆకివీడు రొయ్య గురించి వెస్ట్‌మినిస్టర్‌లో చర్చకు చోటుంది, అమరావతిలో అక్కర్లేదు! 2010లో నివేదిక ఇచ్చిన పూంఛీ కమిషన్ ఒప్పందాల అధికారానికి ఒక చట్టం చేయాలని, రాష్ట్రాల అంశాలు ముడిపడినప్పుడు రాష్ట్రాలను కలుపుకోవాలని చెప్పింది. ఆ నివేదిక అటక మీద ఉంది.

కేరళ ఒక్కటే దీని మీద కాస్త గొంతెత్తింది. 2009 ఆగస్టులో ఆసియాన్ దేశాలతో సరుకుల ఒప్పందం కుదిరినప్పుడు రబ్బరు, మిరియాలు, చేపలు నష్టపోతాయని అక్కడి అధికార వామపక్షం ఆ అక్టోబరు 2న రాష్ట్రం ఆ కొస నుంచి ఈ కొస దాకా మానవహారం కట్టింది. ఒప్పందం ఆగలేదు, 2010 జనవరి నుంచి అమలయింది. కానీ ఢిల్లీ ఏం చేస్తోందో పల్లె పల్లెకూ తెలిసింది. మన రెండు రాష్ట్రాల శాసనసభలూ ఎన్ని రోజులు దేనికి వాయిదా పడ్డాయో పాఠకులకు తెలుసు. విదేశీ ఒప్పందం మీద గంటసేపు చర్చ జరిగిన రోజు నాకు గుర్తులేదు.

చేయగలిగింది లేదా అంటే ఉంది, అదీ రాష్ట్రాల చేతుల్లోనే. రాష్ట్ర నర్సింగు కౌన్సిళ్లు అఖిల భారత కౌన్సిల్ మీద ఒత్తిడి తేవచ్చు. సింగపూరుతో నర్సింగు గుర్తింపు ఒప్పందం కుదరడానికి సీకా సంతకమయ్యాక 13 ఏళ్లు పట్టింది, 2018లో గానీ తేలలేదు. బ్రిటన్‌తోనూ వదిలేస్తే అంతే పడుతుంది. రెండో పని ఏజెంట్ల సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే వాడు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదు కావాలి. కానీ విద్యా కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టుకున్నవాడు దాని కిందికి రాడు. చదువు పేరుతో పంపి, తర్వాత సీఓఎస్ చూపించి రెండో విడత వసూలు చేస్తే అడిగే వాడు లేడు. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ఆకివీడు బస్టాండులో ఎవర్నయినా ఆపి ఓంక్యాప్ అంటే ఏమిటో అడగండి. కన్సల్టెన్సీ ఫ్లెక్సీలు మాత్రం ప్రతి స్తంభానికీ ఉంటాయి.

2026 జనవరి 27న ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిశాయని ఢిల్లీలో ప్రకటించారు. మళ్లీ రొయ్యకు మంచి రోజులు అన్న మాటే మా వైపు ముందుగా వినిపించింది. ఈసారి మన ఎమ్మెల్యే, ఎంపీ చెరువు గట్టు మీదికి ఆ శుభవార్త చెప్పడానికి వస్తే, దండ వేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి. అయ్యా, మత్స్యశాఖ రాష్ట్రానిది కదా, సంతకానికి ముందు ఆ కాగితం మీ ప్రభుత్వానికి చూపించారా? మా అమ్మాయి నర్సింగు సర్టిఫికెట్టు గురించి అందులో ఏ పేజీలో ఉంది?